తాబేలు కట్టిన బురుజులు

"కార్డు సార్."

గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టింది.

"మూడేళ్ళ నుంచి రోజూ చూస్తున్నావు. నా మొహం తెలీదా?"

"తెలుసు సార్. కార్డు కూడా చూడాలి."

కెప్టెన్ విసుక్కుంటూ బ్యాగంతా తిరగేసి కార్డు తీశాడు. నాలుగడుగులు వేశాడో లేదో వెనక నుంచి మళ్ళీ పిలుపు.

"సార్, బండికి తాళం వదిలేశారు."

వెనక్కి వెళ్ళి తాళం తీసుకున్నాడు. థాంక్స్ చెప్పే తీరిక ఎక్కడిది? శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

అతను నిజానికి కెప్టెన్ కాడు. మ్యాపులు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. భోజనాల వేళ కంప్యూటర్లలో ఆడే యుద్ధాల ఆటలో కింది అంతస్తు జట్టుకు నాయకుడు. పాతకాలపు రాజ్యాల ఆట అది. ఒక దేశాన్ని ఎంచుకోవాలి, ఊరు కట్టాలి, సైన్యం పెంచాలి, ఎదుటివాడి ఊరు కూల్చాలి.

శుక్రవారం పై అంతస్తుతో పోటీ. గెలిచినవాళ్ళకు కొత్తగా ఖాళీ అయిన కిటికీల హాలు. మేనేజరు నవ్వుతూనే ఒప్పుకున్నాడు గానీ, కెప్టెన్‌కు అది నవ్వులాట కాదు. మూడేళ్ళుగా ట్యూబ్‌లైటు కింద గోడ చూస్తూ కూర్చుంటున్నాడు. బయట ఎండో వానో తెలియదు. ఆ గదిలో అతనికి కాలు నిలవదు.

జట్టులో నలుగురు. కెప్టెన్, పక్క సీట్ల ఇద్దరు, తాబేలు.

ఈ తాబేలు ఎవరో ఎవరికీ తెలియదు. నెల కిందట నాలుగో మనిషి లేక తంటాలు పడుతుంటే, ఆ పేరు తనంతట తానే తెర మీదికి వచ్చి చేరింది. ఎప్పుడూ కొరియానే ఎంచుకుంటుంది. రాళ్ళు తవ్వడం, బురుజులు కట్టడం. అంతకుమించి పని పెట్టుకోదు.

"ఎవడ్రా నువ్వు?" అని కెప్టెన్ టైపు చేస్తే, "మీ జట్టే" అని జవాబు వచ్చింది.

"ఎప్పుడూ కొరియా ఏంటి?"

"కొరియా పనివాళ్ళకు అందరికంటే దూరం కనిపిస్తుంది. అందుకని."

"బిల్డింగులో పద్దెనిమిది సిస్టమ్‌లలో ఆట వేశాను, ఎవరైనా కావచ్చు," అన్నాడు సిస్టమ్స్ చూసే ఆయన. కెప్టెన్ రెండంతస్తులూ తిరిగి లెక్కపెట్టాడు. పదిహేడే తేలాయి. ఈయనకు లెక్కలు కూడా రావు అనుకుని వచ్చేశాడు.

గురువారం ఆఖరి ప్రాక్టీసు.

"తాబేలూ, సైన్యం పంపు! వాళ్ళ ఊళ్ళోకి దూరుతున్నాను!"

"మీరు ప్రతిసారీ ఎడమ పక్క గోడ సగంలో వదిలేస్తారు. అక్కడ బురుజు కడుతున్నా."

"గోడ సంగతి తర్వాత. వస్తావా, రావా?"

"ముందు వాళ్ళు వచ్చే దారి చూసుకోవాలి."

కెప్టెన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆట కాగానే తాబేలును జట్టులోంచి తీసేశాడు. గుర్రాలతో దూకుడుగా ఆడే కొత్త ఉద్యోగిని చేర్చుకున్నాడు.

తెర మీద అక్షరాలు మెల్లగా వచ్చాయి. "రేపు ఒక్కరోజు ఉంచండి. ఆ తర్వాత అడగను."

"వెళ్ళి ఎక్కడైనా ఇల్లు కట్టుకో," అని కొట్టాడు కెప్టెన్. పక్కనున్న ఇద్దరూ పగలబడి నవ్వారు.

శుక్రవారం ఆట పాతిక నిమిషాల్లో ముగిసింది. కెప్టెన్ గుర్రాలన్నీ ఎదుటివాళ్ళ ఊళ్ళో ఉండగా, వాళ్ళు ఎడమ పక్క నుంచి వచ్చి అతని ఊరు నేలమట్టం చేశారు.

పై అంతస్తువాళ్ళు అట్టపెట్టెలు మోసుకుంటూ కిటికీల హాల్లోకి మారుతుంటే, కెప్టెన్ పాత ఆటల రికార్డింగులు తెరిచాడు. పద్నాలుగు ఆటలు. ఒక్కదాంట్లోనూ శత్రువు తన ఊళ్ళో అడుగు పెట్టలేదని అందరి దగ్గరా గొప్పలు పోయేవాడు.

ఈసారి తాబేలు వైపు నుంచి చూశాడు.

శత్రువులు వచ్చారు. ప్రతి ఆటలోనూ వచ్చారు. ఎడమ పక్క నుంచే వచ్చారు. అతను చూడని చోట వరసగా నిలబడ్డ కొరియా బురుజులు ప్రతిసారీ వాళ్ళను తరిమేశాయి.

కెప్టెన్‌కు సిగ్గేసింది. లేచి రెండంతస్తులూ తిరిగాడు. పదిహేడు బల్లల దగ్గరా ఆగాడు.

"తాబేలు నువ్వేనా?"

"నేను కాదు."

సాయంత్రం తల వేలాడేసుకుని బండి దగ్గరకు వచ్చాడు.

"సార్, తాళం మళ్ళీ వదిలేశారు. నేను తీసి ఉంచాను."

గార్డు చేతిలోంచి తాళం తీసుకున్నాడు. "వెళ్ళొస్తాను సార్" అని కూడా అన్నట్టుంది. అతను వినిపించుకోలేదు.

సోమవారం గేటు దగ్గర కొత్త గార్డు, మగమనిషి.

"కార్డు సార్... ఒక్క నిమిషం. మీకు కంప్యూటర్లు తెలిసే ఉంటాయి. ఇందులో ఏదో ఆట ఉంది. తీసేయొచ్చా?"

కెప్టెన్ గార్డు గది కిటికీలోంచి వంగి చూశాడు. వచ్చేపోయేవాళ్ళ పేర్లు ఎక్కించే పాత కంప్యూటరు. పద్దెనిమిదోది. తెర మీద ఆట మొదటి పేజీ. ఆడేవారి పేరు: తాబేలు. దేశం: కొరియా.

"ఇక్కడుండే ఆవిడ ఏదీ?"

"శుక్రవారంతో ఆవిడ కాంట్రాక్టు అయిపోయిందట సార్."

"పేరేంటి? ఎక్కడుంటుంది? ఎలా ఉంటుంది మనిషి?"

"నేను ఇవాళే వచ్చాను, నాకేం తెలుసు? రోజూ చూసింది మీరు కదా సార్."

కెప్టెన్ ఎంత ఆలోచించినా, తనకు అడ్డంగా పెట్టిన ఒక చెయ్యి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.