ముందుకు జరిపిన సీటు

అన్న భార్యను చంపింది తమ్ముడే. ట్రాక్టరు బోల్తా కొట్టించి చంపాడు. అందులో అన్నకు అనుమానమేమీ లేదు.

ఆ తమ్ముడిప్పుడు బొమ్మ బండ్లు చేసి బతుకుతున్నాడు. అన్న గదిలోకి వచ్చేసరికి, అరచేతిలో పట్టే ట్రాక్టరు టైర్లకు సన్నని కుంచెతో బురద అద్దుతున్నాడు.

"మన బండేనా?"

"ఆ. ఆ రోజు ఎలా ఉందో అలాగే చేశానన్నయ్యా. తప్పుంటే చెప్పు."

అన్న కళ్ళజోడు సర్దుకుని చూశాడు. సొట్టపడ్డ మడ్‌గార్డు, తుప్పు పట్టిన పొగగొట్టం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"సీటేంట్రా, స్టీరింగుకు ఆనించావు? తాటిచెట్టంత మనిషివి, మోకాళ్ళు మెడలో వేసుకుని నడిపావా?"

తమ్ముడి కుంచె ఆగిపోయింది.

"నడిపింది నేను కాదన్నయ్యా, వదిన. నేర్పమని బతిమాలింది. బ్రేకు అందాలని సీటు ముందుకు జరిపాను."

"ఇన్నేళ్ళూ నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా?"

"ఆడదానికి స్టీరింగెందుకని అరిచేవాడివిగా. తెలిస్తే పోయిన మనిషిని కూడా వదలవు. నన్నే తిట్టుకోనీ అనుకున్నా."

జిగురింకా ఆరలేదు. అన్న సీటును గోటితో వెనక్కి, తమ్ముడి కాళ్ళకు సరిపోయేంత దూరం నెట్టాడు.

"నడిపింది నువ్వే," అన్నాడు. "ఈ మాట ఇక ఎత్తకు. చచ్చేదాకా నేనూ ఎత్తను."