గదిలో రెండో మనిషి

"మెత్తగా ఉన్నదేమైనా ఉందా అక్కా? గట్టివైతే తను నమలలేదు."

ఫ్రిజ్ తలుపు మీద డబ్బాలక్క చెయ్యి ఆగిపోయింది. వారం రోజులుగా ఈ పిల్లది ఇదే మాట.

మెస్సుల్లో, క్యాంటీన్లో మిగిలిన తిండి చెత్తకుండీ పాలు కాకుండా పోగుచేసి, అవసరమైనవాళ్లకి పంచే ఫుడ్ బ్యాంక్ అది. అమ్మాయిల హాస్టల్ కింది గదిలో విద్యార్థులే నడుపుతున్నారు. పొద్దస్తమానం డబ్బాలు కడుగుతూ, వాటిమీద తేదీలు రాస్తూ కనిపిస్తుందని ఆ పీజీ చదివే అమ్మాయికి డబ్బాలక్క అన్న పేరు పడింది. 'ఎవరినీ ఎందుకని అడగొద్దు' అని గోడమీద రాసింది కూడా తనే.

కానీ ఈ ఫస్టియరు పిల్లని చూస్తే నోరు ఊరుకోలేదు.

"మీ రూమ్మేట్‌కి పన్ను నొప్పా?"

"దవడ వాచింది."

"డాక్టరుకి చూపించావా?"

"తను బయటికి రాదక్కా."

"పోనీ నేనొచ్చి చూడనా?"

"వద్దు!" అరిచినట్టే అంది. వెంటనే గొంతు తగ్గించి, "ఎవరితోనూ అనకు. నీకు పుణ్యముంటుంది" అంటూ డబ్బాని గుండెలకి హత్తుకుని వెళ్లిపోయింది.

ఆ మాట రాత్రంతా చెప్పులో రాయిలా గుచ్చింది డబ్బాలక్కని. మర్నాడు, ఆ పిల్ల క్లాసుకి వెళ్లడం చూసి, రెండో అంతస్తు ఎక్కింది.

గదికి బయట తాళం. కిటికీ అద్దాలకి లోపల్నించి పాత పేపర్లు అంటించి ఉన్నాయి. సరే పోదామని వెనుదిరిగేసరికి లోపల ఎవరో దగ్గారు.

"ఎవరమ్మా లోపల?"

దగ్గు ఠక్కున ఆగింది. నోట్లో గుడ్డ కుక్కినట్టు ఒక మూలుగు. ఆ తర్వాత అదీ లేదు.

డబ్బాలక్కకి ఒళ్లు ఝల్లుమంది. మనిషిని లోపల పెట్టి బయట తాళమా? ఆ దవడ ఎలా వాచింది? చూస్తే నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టుంది పిల్ల!

పడుతూ లేస్తూ వార్డెన్ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ రిజిస్టరు తిరగేసి నుదురు ముడిచింది.

"ఆ గదిలో రెండో మంచం ఖాళీ. ఈ రూమ్మేట్ ఎక్కణ్ణించి ఊడిపడింది?"

"తలుపు తీద్దాం మేడమ్."

"రేపు మాటొస్తే నా మెడకి చుట్టుకుంటుంది. ముందు వాళ్ల ఇంటికి ఫోన్ చెయ్యనీ."

గంటలో ఆ పిల్ల తండ్రి వచ్చాడు. నలగని చొక్కా, నెమ్మదైన గొంతు. విషయం చెప్పింది ఎవరో తెలిసి డబ్బాలక్కకి చేతులు జోడించాడు.

"పది రోజులుగా మా అమ్మాయి ఫోనెత్తడం లేదు తల్లీ. తోబుట్టువులా కనిపెట్టుకుని ఉన్నావు. నీ మేలు మర్చిపోను."

ఆ మాటకి డబ్బాలక్క కళ్లు చెమర్చాయి. వార్డెన్ చేతిలోని మారు తాళంచెవి ఆయనే అందుకున్నాడు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ రెండో మెట్టు మీద ఉండగానే ఆయన పై మలుపు తిరిగిపోయాడు.

తేలికపడ్డ మనసుతో డబ్బాలక్క ఫుడ్ బ్యాంకులోకి అడుగుపెట్టిందో లేదో, వెనకే ఆ పిల్ల వచ్చింది. ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు.

"సూప్ ఉందా అక్కా? పొద్దున్న కాస్త నోరు తెరిచింది."

"ఇంక దాచకమ్మా. మీ నాన్నగారొచ్చారు. తాళంచెవి తీసుకుని పైకెళ్లారు."

పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నాన్నకి... ఎవరు చెప్పారు?"

"నేనే. నువ్వెవరినో బంధించావనీ..."

"ఆ తాళం తను పారిపోకుండా కాదక్కా, ఆయన రాకుండా!"

మెట్లవైపు పరిగెడుతూనే అరిచింది.

"లోపలున్నది మా అమ్మ!"