మేస్త్రికి పెట్టిన పరీక్ష

“నాకు వ్యసనం లేదు బిడ్డా. సరదాకు తాగుత. గా ముచ్చట కాగితం మీద రాసియ్యి, ఈమె లొల్లి బంద్ అయితది,” అన్నాడు దేవదాస్ మేస్త్రి.

కోరుట్లలో ఒక చిన్న ఆసుపత్రి. పొగ మాన్పించే గదిలో కౌన్సిలర్ లావణ్య ఎదుట కూర్చున్నాడాయన. పక్కన భార్య రూతమ్మ.

“వచ్చే నెల మా కళ్యాణి చంటిపిల్లను తీస్కొని మెట్‌పల్లి నుంచి వస్తది. ఈయన సిగరెట్లు మానేదాక మనుమరాలిని ముట్టనియ్య,” అంది రూతమ్మ.

లావణ్య ప్రశ్నల కాగితం తీసింది.

“పొద్దుగాల లేచినంక ఎంతసేపటికి ముట్టిస్తరు కాకా?”

“లేచినంక ఏంది, మంచంల ఉండంగనే.”

“మానాలని చూసి మానలేకపోయిండ్రా ఎన్నడన్న?”

“ఎన్నడు చూడలే.”

“తాగకుంటె చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవుడు?”

“తాగకుంట ఉంటె గద తెలిసేది.”

లావణ్య పెన్ను కింద పెట్టింది.

“ఒక్కదానికే జవాబు దొరికింది. వారం రోజులు ముట్టకుంట ఉండి రాండ్రి. ఏం కాకపోతె వ్యసనం లేదని నేనే సంతకం పెట్టిస్త.”

“గింతేనా?” దేవదాస్ జేబులోని సిగరెట్ పెట్టె తీసి బల్లమీద పడేసి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఎనిమిది రోజుల తర్వాత మళ్లీ ఇద్దరూ వచ్చారు. దేవదాస్ ముఖంలో ఆ నవ్వు లేదు.

“రాసుకో బిడ్డా. మొదటి దినమే తల పగిలిపోయింది. రెండో దినం కట్టిన గోడ వంకర పోతె కూలగొట్టి మళ్ల కట్టిన. మూడో దినం కూరల ఉప్పు లేదని అన్నం తల్లె నూకేసిన. ఉప్పు బరాబర్ ఉన్నదట. కండ్లు మూస్తె నిద్ర రాదు. చాయ్ తాగంగనే చెయ్యి జేబులకు పోతది.”

లావణ్య ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టింది. “అన్నీ ఉన్నయి కాకా. మీది గట్టి వ్యసనమే.”

దేవదాస్ తల దించుకున్నాడు. భార్య వైపు తిరిగి, “నువ్వన్నదే నిజం,” అన్నాడు. మళ్లీ లావణ్యతో, “ఎట్లన్న చేసి మాన్పియ్యి బిడ్డా. ఎంత చేదు మందిచ్చినా మింగుత. పిల్ల వచ్చేటాళ్లకు మానాలె.”

“ఈ ఎనిమిది రోజులల్ల ఎన్ని తాగిండ్రు?”

“ఒక్కటి గూడ ముట్టలే. ముడితె పరీక్ష పోతది గద.”

రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. అట్లాగే ఫోను తీసి బిడ్డకు కలిపింది.

“కళ్యాణీ, వచ్చే నెల దాక ఎందుకే? రేపే పిల్లను తీస్కరా. మీ నాయన ఒళ్లె పండవెడదాం.”

దేవదాస్ కంగారుపడ్డాడు. “ఆగే, నేనింక మాననే లేదు గద.”

“మానాలని అనుకోకముందే మానేసిండ్రు కాకా,” అంది లావణ్య. “ఇయ్యాల్టికి ఎనిమిది రోజులు.”