ఆలస్యం కెప్టెన్ మేనకోడలు

సిమ్యులేటర్ పరీక్ష ఆమె రెండోసారీ తప్పింది.

మూడోసారి కూడా తప్పితే పైలట్ కావాలన్న ఆశకు నీళ్లొదులుకోవాల్సిందే.

చేసే తప్పు ఒక్కటే. విమానం పరుగులో ‘వీ-వన్’ అనే వేగం ఒకటుంటుంది. అంతవరకూ ఆగవచ్చు. అది దాటాక ఒక ఇంజను పాడైనా ఎగరాల్సిందే, ఆగడానికి రన్‌వే చాలదు. అందుకే పక్క పైలట్ ‘వీ-వన్’ అనగానే, ఇంజన్ల జోరు పెంచి తగ్గించే పవర్ లివర్ మీంచి చెయ్యి తీసేయాలి. ఆమె తీసేది. ఇంజను పోయిందనగానే, పాడు చెయ్యి మళ్లీ వెళ్లి, విమానాన్ని ఆపడానికి లివర్ని వెనక్కి లాగేసేది.

ఆ ఉదయం రన్‌వే పక్కన, కంచె బయటి బెంచీ మీద కూలబడింది. పలచటి మంచులో విమానాలు కలలోలాగా కదులుతున్నాయి.

పక్కన ఎవరో పెద్దాయన. ఒక్కో విమానం ముక్కెత్తే ముందు ఆయన కుడిచెయ్యి మోకాలి మీంచి మెల్లగా లేస్తోంది. విమానాల పిచ్చి కాబోలు అనుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషే కదా అని తన గోడంతా వెళ్లబోసుకుంది.

“మా క్లాసులో ఆలస్యం కెప్టెన్ అని ఒకాయన కథ చెప్తారండీ. వీ-వన్ దాటాక ఆపబోయి, విమానాన్ని కంచె తెంచుకుని గడ్డిలోకి తీసుకుపోయాడట. ఇప్పుడు అందరూ నన్ను ఆయన మేనకోడలంటున్నారు.”

“ఆ కథకి పిల్లలు నవ్వుతారా?”

“పడీ పడీ నవ్వుతారు.”

“మంచిదే. గుర్తుంటుంది.”

ఇంకో విమానం మంచులో కలిసిపోయేదాకా చూసి, ఆయన ఆమె వైపు తిరిగాడు.

“తీసిన చేతిని ఖాళీగా ఉంచకమ్మా. వెంటనే విమానం నడిపే చక్రం మీద పెట్టు, రెండు చేతులూ. ఖాళీ చెయ్యే వెనక్కి పోతుంది.”

మూడోసారి పరీక్షలో వీ-వన్ అని వినబడింది. చెయ్యి లేచింది, చక్రాన్ని పట్టుకుంది. ఇంజను పోయింది. చెయ్యి కదల్లేదు. కింద నేల నిద్రలో జారినట్టు జారిపోయింది.

వారం తర్వాత, ఆ సంతోషం చెప్పాలని పరుగున వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది.

ఆయన పోయి నాలుగు రోజులైందని గేటు కాపలాదారు చెప్పాడు.

“ఇరవై ఏళ్లు రోజూ వచ్చేవారమ్మా. ఆయన నడిపిన విమానం కంచె తెంచుకుని ఆగింది ఇదిగో, ఈ గడ్డిలోనే. ఇంతకీ ఆయనకి మీరేమవుతారు?”

ఆమె చాలాసేపు ఆ గడ్డినే చూసింది.

“మేనకోడల్ని” అంది.