మిద్దె మీది నల్ల పలకలు

"ముగ్గుపిండి మాకొద్దు తల్లీ, పో," అంది శివకుమారి గడప దాటకుండానే.

వాకిట్లో నిలబడ్డ మనిషి తనను తాను చూసుకుని నవ్వింది. జుట్టు నుంచి చెప్పుల దాకా బేతంచెర్ల రాతిపొడి. భుజాన గోనెసంచి.

"అమ్మేకి రాలేదక్కా. ఈ పలకలు రేపు పొద్దున దాకా మీ మిద్దె మీద పెట్టుకుంటా. ఈ వీధిలో మీ మిద్దెకే నీడ పడదు."

సంచిలోంచి నల్లటి పలకలు తీసింది. ఒక్కోటి దోసె పెనమంత ఉంది.

"ఏంటివి?"

"ఎండను దాచిపెట్టుకునే పలకలక్కా."

ధనుర్మాసంలో ముగ్గుపిండి అమ్మేవాళ్ళు చెప్పే కతలన్నీ శివకుమారికి తెలుసు. ఇది మాత్రం కొత్త కత. ఆ కొత్తదనానికి మెచ్చి ఒప్పుకుంది.

మంచినీళ్ళడిగితే మాత్రం చెంబు చేతికివ్వలేదు. దోసిట్లో పోసింది.

ఆ రోజు ఆమె మనసు మనసులో లేదు. తమ బండల పాలిష్ ఫ్యాక్టరీ తెల్ల బురద పొలాల మీద పడుతోందని నోటీసు వచ్చింది. ఆ బురదకు రేపటిలోగా ఏదో ఒక దారి చూపించకపోతే సీలు వేస్తారు. భర్త పరమేష్ కర్నూలు పొల్యూషన్ ఆఫీసు ముందు పడిగాపులు కాస్తున్నాడు. ఇంటికి ఆ ఫ్యాక్టరీ తప్ప వేరే ఆధారం లేదు.

దీపాలు పెట్టాక, ఆరేసిన బట్టల కోసం మిద్దెక్కింది. నేల చల్లబడిపోయింది. చీకట్లో అరచెయ్యి ఒక పలక మీద పడింది.

చురుక్కుమంది. అప్పుడే పొయ్యి మీంచి దించినట్టుంది.

పక్కింటి గంగక్కను కేకేసింది.

"నిప్పు లేకుండా కాలుతాంటే ఇంగేమే? ఈ పొద్దు అమాస," గంగక్క తీర్పు చెప్పేసింది. "మీ ఫ్యాక్టరీ మీద ఎవరో చేతబడి చేపిచ్చినారు. పారెయ్."

శివకుమారి డిగ్రీ చదివింది. అందుకే, విసిరేముందు కింద మనుషులెవరూ లేరని చూసుకుంది.

పగిలిన పలకల్లోంచి ఏదో కారి, వీధిదీపం వెలుగులో చూస్తుండగానే తెల్లగా గడ్డకట్టింది.

"కొవ్వు," అంది గంగక్క.

ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు దూరి గడియలు పెట్టుకున్నారు.

తెల్లారి ఆ మనిషి వచ్చింది. వీధిలో ముక్కల ముందు కూలబడింది.

"ఏమైందక్కా?"

"పిల్లి తోసింది."

ఆమె మిద్దె మీది ఎత్తు పిట్టగోడ చూసింది. తర్వాత ఎర్రగా కమిలిన శివకుమారి అరచెయ్యి చూసింది.

"శానా కాలిందా అక్కా? చీకటి పడినంక గూడా ఏడిగా ఉండెనా?"

అంత నష్టంలోనూ ఆమె కళ్ళు మెరిశాయి.

శివకుమారి చెయ్యి కొంగులో దాచుకుంది. "నాకేం తెలుసు? ఇది వంట చేస్తా కాల్చుకున్న్యా."

"కొబ్బరినూనె రాయక్కా, బొబ్బలెక్కదు," అని ముక్కలన్నీ ఏరుకుని ఆమె రైలు స్టేషన్ వైపు వెళ్ళిపోయింది.

పొద్దు గూకాక పరమేష్ వచ్చాడు. చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"సీలు వేస్తారంట."

"ఎవరో దారి చూపిస్తారంటివే?"

"అంజలి మేడమ్ అని, కాలేజీలో పరిశోధన చేస్తాది. మన బురదలో మైనం, బొగ్గుపొడి కలిపి పలకలు చేసినాది. పగలు ఎండను పట్టుకుని, పొద్దు గూకినంక ఏడి ఇడుస్తాయంట. మిరపకాయలు ఆరబెట్టేకి, హాస్టలు పిల్లోళ్ళ నీళ్ళు కాగేకి పనికొస్తాయంట. అవి చూపిస్తే గడువిస్తామనిరి. ఆయమ్మ సంచి నిండా ముక్కలు తెచ్చె. మళ్ళా చేయాలంటే నెలల పని."

శివకుమారి కాలిన చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ఎట్ల పగిలినాయని చెప్పింది?"

"ఆఫీసరూ అదే అడిగినాడు," అన్నాడు పరమేష్. "అంతమంది ముందర లేచి నిలబడి, 'నా చేతిలోంచే జారినాయి సార్, తప్పు నాదే' అనింది."