అన్నం పెట్టే చెయ్యి

"గా కుక్క వద్దు. దొంగొచ్చినా తోకూపుకుంట నిలవడ్తది," అని బాలేష్ కసిరేసరికి భవిత ల్యాబ్రడార్ పిల్లను కిందికి దించేసింది.

తూంకుంటలో వాళ్లది కొత్తిల్లు. చుట్టూ ఖాళీ ప్లాట్లే. కాపలాకు కుక్క కావాలని బాలేష్ భార్యనీ, తల్లి సిద్దమ్మనీ వెంటబెట్టుకుని షామీర్‌పేట రోడ్డు మీది కుక్కపిల్లల షెడ్డుకు వచ్చాడు.

"అయితే డాబర్‌మన్ తీస్కో అన్నా," షెడ్డతను ఒక నల్లపిల్లను ఎత్తి చూపించాడు. "అన్నం పెట్టినోళ్ల మీద ఎవలన్న చెయ్యి లేపితే మీద దుంకుతది."

"గసుంటిదే కావాలె!" బాలేష్ మురిసిపోయాడు.

"చెయ్యి లేపింది ఇంట్ల మనిషైతే?"

అడిగింది సిద్దమ్మ. భవిత ఉలిక్కిపడి అత్త వైపు చూసింది. తాను దెబ్బలు తిన్న ప్రతిసారీ టీవీ సౌండు పెంచుకుని కూర్చునే మనిషి ఆమె.

షెడ్డతను నవ్వాడు. "దానికి గవన్ని తెల్వదవ్వా. ముద్ద పెట్టిన చెయ్యే ఎరుక."

"నేనే పెడ్త తియ్," అన్నాడు బాలేష్. గొంతులో ఇందాకటి ఊపు లేదు.

"నీ కంచంల నువ్వెన్నడన్న పెట్టుకున్నవారా? కోడలే పెడ్తది."

సిద్దమ్మ నల్లపిల్లను తీసుకుని భవిత చేతుల్లో పెట్టింది. అది ఆమె మణికట్టు మీద కమిలిన చోట నాకింది.

"అమ్మా, గా ల్యాబ్రడారే నయముండె. గదే తీస్కుందం."

సిద్దమ్మ కొడుకు మొహంలోకి సూటిగా చూసింది.

"తోకూపుకుంట సూసేదాన్ని ఇంట్ల నేనొకదాన్నున్న గదరా. సాలు."