హోగన్ తలుపు

లియాండర్ అమ్మమ్మ తమ హోగన్ మట్టింటి గుమ్మం ముందు, మంచులో శవమై బిగుసుకుపోయి ఉంది. మూసిన తలుపు మీద, బయటివైపు, గోళ్ళ గీతలు.

"గొర్రెల దొడ్డికని తనే వెళ్ళిందక్కా," అన్నాడు లియాండర్. నాదీ వాడి వంశమే. ఒంటిమీద మా నవాహో తెగ పోలీసు చొక్కా ఉన్నా వాడికి నేను అక్కనే.

"లేవలేని మనిషి గొర్రెల దగ్గరికెళ్ళిందా? నా చెవిలో పువ్వులు పెట్టకు. ఆ చెట్టు కింద గొర్రెతోలు ఎవరు పరిచారు?"

వాడు తల దించుకున్నాడు.

"నేనే. సాయంత్రం గొంతులో గురక మొదలైంది. లోపల ప్రాణం పోతే మనవాళ్ళ ఆచారం ప్రకారం ఇల్లు వదిలెయ్యాలి కదా. చంటిపిల్లతో ఈ మంచులో ఎక్కడికెళ్ళను? బయటికి తీసుకుపొమ్మని ఆమే చెప్పింది. పక్కనే కూర్చున్నా. ఊపిరి ఆగింది. దుప్పటి కప్పి లోపలికొచ్చేశా."

"ఆగలేదురా. చెట్టు దగ్గర్నుంచి గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చింది. చూడు ఆ జాడ! తలుపు కొట్టలేదా?"

"కొట్టింది."

"విని కూడా తియ్యలేదా, దుర్మార్గుడా?"

"చీకటి పడ్డాక కొట్టిందక్కా. పేరు పెట్టి పిలిచింది. చలేస్తోంది, తియ్యరా అంది. దయ్యమనుకున్నా. పిల్లదాన్ని పొదువుకుని, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నా."

వాడికి వెయ్యడానికి బేడీలు బయటికి తీసిన నా చెయ్యి ఆగిపోయింది. చచ్చిపోయిందనుకున్న మనిషి చీకట్లో పేరు పెట్టి పిలిస్తే, నేనూ తలుపు తీసేదాన్ని కాను.